పని ఆపాలా, ఇంకొన్నాళ్లు చేయాలా? ఇలా తేల్చుకోండి

యాభై అయిదు దాటినప్పటి నుంచి ఎదురైన ప్రతివాళ్లూ "ఇంకెన్నాళ్లుంది సర్వీసు?" అని అడగడం మొదలుపెడతారు. సొంత పని చేసుకునేవాళ్లను ఎవరూ అలా అడగరు కాబట్టి వాళ్లు ఆ ఆలోచనను ఏటికేడు వాయిదా వేస్తూ పోతారు. ఉద్యోగులైనా, సొంత పని వాళ్లైనా చివరికి ఒకే చోట ఇరుక్కుంటారు. పూర్తిగా మానేయడం, ఇప్పటిలాగే చేస్తూ పోవడం, ఈ రెండే దారులున్నాయనుకుని వాటి మధ్య ఊగిసలాడతారు.

నేను చెప్పే పద్ధతి వేరు. ఏ తేదీన ఆపాలన్నది చివరికి తేలాల్సిన విషయం. అంతకన్నా ముందు మీ పనిలో ఏది వదిలేయాలి, ఏది ఉంచుకోవాలి అన్నది చూడాలి. తర్వాత, అనుకున్న జీవితాన్ని కొన్ని వారాలు బతికి చూడాలి. ఈ రెండూ చేయకుండా తీసుకున్న నిర్ణయం చాలామందిని ఏడాది తిరక్కుండానే ఇబ్బంది పెడుతుంది.

వయసు అంకెను పక్కన పెట్టండి

60, 65 అనే అంకెలు మన ఒంటిని పరీక్షించి పెట్టినవి కావు. 1889లో చాన్సలర్ బిస్మార్క్ హయాంలో జర్మనీ వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు వయసు 70 అన్నారు. 1916లో దాన్ని 65కి దించారు. 1935లో అమెరికా తెచ్చిన సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకం కూడా 65నే తీసుకుంది. అదే అమెరికా 1986లో చాలా ఉద్యోగాలకు నిర్బంధ విరమణ వయసును ఎత్తేసింది, బ్రిటన్ 2011లో ఆ పని చేసింది. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్ల వయోపరిమితి కూడా 2006లో 60 నుంచి 65కి పెరిగింది. ప్రభుత్వాలు తమ లెక్కలను బట్టి, అవసరాలను బట్టి మార్చుకుంటూ వచ్చిన అంకెలివి.

మీ సంస్థ పెట్టిన తేదీని మీరు మార్చలేకపోవచ్చు. అయితే ఆ తేదీతో ముగిసేది ఆ కుర్చీ ఒక్కటే. మీకు చేతనైన పని ఆ రోజుతో పోదు. అలాగే అరవై నిండలేదు కాబట్టి ఆపకూడదన్న నియమం కూడా ఏమీ లేదు.

ఒక వారం పని మొత్తం కాగితం మీద పెట్టండి

మామూలుగా గడిచే ఒక వారాన్ని ఎంచుకుని, ఆ వారంలో చేసిన ప్రతి పనినీ రాయండి. ప్రయాణం, మీటింగులు, ఫోన్లు, కొత్తవాళ్లకు నేర్పడం, లెక్కలు, సంతకాలు, ఎవరినో బతిమాలడం, అన్నీ. పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఇది చేస్తే ఓపిక వస్తుంది, ఓపిక పోతుంది, ఏమీ అనిపించదు.

"ఈ ఉద్యోగం ఇక నావల్ల కాదు" అంటున్న చాలామంది కాగితం చూసుకుంటే, నిజంగా వాళ్లను పీల్చేస్తున్నవి రెండో మూడో మాత్రమే కనిపిస్తాయి. రోజూ రెండు గంటల ప్రయాణం. రాత్రి డ్యూటీ. పడని పైఅధికారి. అర్థంకాని కొత్త సాఫ్ట్‌వేర్. అసలు పని మీద వాళ్లకు విసుగేమీ ఉండదు. అలాంటప్పుడు ఉద్యోగం మానేస్తే ఇష్టమైన పని కూడా అనవసరంగా పోతుంది. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. ఓపిక పోతుందన్న గుర్తు అసలు పని పక్కనే పడితే, అంటే డాక్టరుకు రోగులను చూడటం, టీచరుకు పాఠం చెప్పడమే భారమైతే, గంటలు తగ్గించుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు. డబ్బు లెక్క కుదిరితే ఆపడమే మేలు.

కాగితం వెనక ఇంకో జాబితా రాయండి. జీతం కాకుండా ఉద్యోగం మీకు ఏమిస్తోంది? పొద్దున లేవడానికి ఒక కారణం, పలకరించే మనుషులు, "ఇది మీకే తెలుసు సార్, కాస్త చూడండి" అనే మాట, నలుగురిలో ఒక పేరు. వీటిలో ఏవి లేకపోతే మీకు వెలితిగా ఉంటుందో నిజాయితీగా గుర్తుపెట్టుకోండి. పని ఆపితే ఇవి మరోచోట దొరకాలి. ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే రాయలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. కొన్ని వారాలు బతికి చూసే ట్రయల్ సమయంలో దానికి మళ్లీ వద్దాం.

డబ్బు లెక్క, అంచనాలతో వద్దు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగాలి. టెన్షన్ సగం ఇక్కడి నుంచే వస్తుంది, తప్పుడు ధీమా కూడా ఇక్కడి నుంచే వస్తుంది.

గత 12 నెలల్లో నిజంగా అయిన ఖర్చు తీయండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి కూడండి, నోటిలెక్క వద్దు. ఏడాదికోసారి వచ్చే ఖర్చులే నోటిలెక్కలో జారిపోతాయి: ఇంటి రిపేర్లు, బీమా ప్రీమియాలు, శుభకార్యాలు, పాడైపోయిన ఫోను. ఉద్యోగం ఆపితే తగ్గేవి తీసేయండి. పెరిగేవి కలపండి. సంస్థ ఇస్తున్న హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుందేమో ముందు కనుక్కోండి. ఆ వయసులో కొత్త పాలసీ తీసుకోవాలంటే ప్రీమియం ఎక్కువ, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్నాళ్లు బీమా వర్తించని కాలం కూడా ఉండొచ్చు. ఉద్యోగం వదిలే ముందే ఆ పాలసీ చేతికి రావాలి.

తర్వాత ఎన్నేళ్లకు లెక్క వేయాలన్నది. ప్రపంచ సగటు ఆయుర్దాయం 73 అన్న మాట విని "ఇంకో పదమూడేళ్లేగా" అనుకోకండి. అది పుట్టిన పిల్లలకు వేసే లెక్క. చిన్న వయసులో పోయినవాళ్లు కూడా ఆ సగటులో ఉంటారు. అరవై దాకా బతికినవాళ్లు ప్రపంచ సగటున ఇంకో ఇరవై ఏళ్లకు పైగానే ఉంటారు. దంపతులైతే ఇంకా జాగ్రత్త పడాలి. ఇద్దరిలో ఒక్కొక్కరికీ 85 చేరే అవకాశం సగం సగం ఉందనుకుంటే, కనీసం ఒక్కరైనా చేరే అవకాశం నూటికి 75. అంటే లెక్క వేయాల్సింది ఇద్దరిలో ఎక్కువ కాలం ఉండబోయే మనిషికి. ఆ మనిషికి మీ తర్వాత పెన్షన్‌లో ఎంత భాగం వస్తుందో ఈ రోజే కనుక్కోండి.

ధరల పెరుగుదలకు ఒక సులువైన సూత్రం ఉంది. 72ని పెరుగుదల శాతంతో భాగిస్తే ఖర్చు రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయి. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో రెట్టింపు. అరవైలో 100 ఖర్చయ్యే ఇల్లు డెబ్బై రెండులో 200 అడుగుతుంది, ఎనభై నాలుగులో 400. ధరలతో పాటు పెరిగే పెన్షన్‌కీ, ఎప్పటికీ అంతే ఉండే పెన్షన్‌కీ ఉన్న తేడా అంతా ఇందులో ఉంది. మీది ఏ రకమో తెలియకుండా ముందుకు వెళ్లకండి.

పొదుపు లోంచి ఏటా ఎంత తీసుకోవచ్చు? విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి, మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం తీసుకుని, తర్వాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు నిలుస్తుందని చూపించాడు. అందులో సగానికి సగం షేర్లలో ఉన్న పొదుపు అది. మీ దేశంలో వడ్డీలు, ధరలు వేరు కాబట్టి దీన్ని హామీగా తీసుకోవద్దు. సరిచూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఏడాది ఖర్చు 100, పెన్షన్ 40 అనుకోండి. లోటు 60. దాన్ని 4 శాతంతో పూడ్చాలంటే 1500 పొదుపు కావాలి. అదే వారానికి రెండు రోజుల పనితో ఏడాదికి 30 వస్తే లోటు 30కి దిగుతుంది, పొదుపు మీద భారం సగమవుతుంది. కొద్దిపాటి సంపాదన ఇంత తేడా తెస్తుందని చాలామందికి తట్టదు. జీతం సగానికి పడిపోయిందని బాధపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పని ఆపిన మొదటి కొన్నేళ్లు మరీ ముఖ్యం. ఇద్దరి దగ్గర చెరో 100 ఉంది, ఇద్దరూ ఏడాది చివర 5 చొప్పున తీసుకుంటారు. మొదటి మనిషికి మార్కెట్ వరుసగా 20 శాతం నష్టం, సున్నా, 30 శాతం లాభం ఇచ్చింది. రెండో మనిషికి అవే అంకెలు తిరగబడి వచ్చాయి. మూడేళ్లయ్యాక మొదటి మనిషి దగ్గర 86, రెండో మనిషి దగ్గర 91. సగటు రాబడి ఒకటే, దెబ్బ ముందు తగిలిందా తర్వాత తగిలిందా అన్నదే తేడా. అందుకే పొదుపులో ఎక్కువ భాగం షేర్లలో ఉన్నవాళ్లు రెండు మూడేళ్ల ఖర్చును విడిగా, ఒడిదుడుకులు లేని చోట ఉంచుకోవాలి. లేదా మొదటి రెండు మూడేళ్లు కొంచెమైనా సంపాదిస్తూ ఉండాలి.

ఇంకో ఏడాది పని చేస్తే ఆ ఏడాది జీతం మాత్రమే మిగులుతుందనుకోవద్దు. పొదుపు ముట్టుకోని ఏడాది అది. పొదుపు నిలవాల్సిన ఏళ్లు ఒకటి తగ్గుతాయి. ప్రభుత్వ పెన్షన్‌ను ఆలస్యంగా మొదలుపెడితే పెంచి ఇచ్చే దేశాలున్నాయి. అమెరికాలో పూర్తి పెన్షన్ వయసు దాటాక 70 దాకా ఆగితే ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతుంది. అయినా డబ్బు సరిపోయాక కూడా భయంతో "ఇంకొక్క ఏడాది" అంటూ పోవడం మంచిది కాదు. ఆ ఏడాది ఎక్కడి నుంచి వస్తోందో తర్వాతి భాగం చెబుతుంది.

అప్పు గురించి ఒక్క మాట చాలు: ఈఎంఐ నడుస్తుండగా జీతం ఆపవద్దు.

ఒంటిని అడగండి, ఇంకొకరినీ అడగండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల్లో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 73 ఏళ్లు, ఆరోగ్యంగా గడిచే కాలం సుమారు 64 ఏళ్లు. మధ్యలో ఉన్న తొమ్మిదేళ్లు మందులతో, పరిమితులతో గడిచే కాలం. ఎక్కడికైనా వెళ్లాలని, ఏదైనా నేర్చుకోవాలని మీకు కోరిక ఉంటే అది నడక బాగున్న ఏళ్లలోనే తీరాలి. భయంతో పొడిగించే ప్రతి ఏడాదీ ఆ మంచి ఏళ్లలోంచే పోతుంది.

పనిని బట్టి జవాబు మారుతుంది. బరువులెత్తే పని, నిలబడి చేసే పని, రాత్రి మేలుకునే పని అయితే ఒంటి మాటే ముందు వినాలి. కండ బలం ముప్పైల తర్వాత నెమ్మదిగా తగ్గుతూ అరవై దాటాక వేగంగా తగ్గుతుంది. ఆలోచనతో చేసే పనుల సంగతి వేరు. కొత్త విషయాన్ని చటుక్కున పట్టుకునే వేగం ముందుగానే మందగిస్తుంది కానీ, మాట మీద పట్టు, అనుభవంతో వచ్చే తీర్పు అరవైల్లో కూడా గట్టిగా ఉంటాయి. మీ పని వేగం మీద నడిచేదా, అనుభవం మీద నడిచేదా చూసుకోండి. మొదటిదైతే రెండోదాని వైపు జరగండి: చేసేవాళ్లకు నేర్పడం, పొరపాట్లు పట్టుకోవడం, సలహా ఇవ్వడం.

"రిటైరైతే త్వరగా పోతారు" అన్న మాటను నమ్మి భయపడకండి. ఆరోగ్యం బాగోలేని వాళ్లే ముందుగా పని ఆపేస్తారు. తర్వాత వాళ్లను ఉద్యోగంలో ఉన్నవాళ్లతో పోల్చి, ఆపడం వల్లే జబ్బు వచ్చిందనుకోవడం తలకిందుల లెక్క. దీని మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకే వైపు లేవు. ఒత్తిడి, శ్రమ ఎక్కువున్న పని వదిలినవాళ్లు మెరుగుపడినట్టు కొన్ని చెబితే, మెదడుకు పని లేక జ్ఞాపకశక్తి తగ్గినట్టు కొన్ని చెప్పాయి. ఆపిన తర్వాత రోజు ఎలా గడుస్తుందన్నదే అసలు విషయం.

ఇక ఈ భాగంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. మన పని నాణ్యత తగ్గితే అది మనకే చివర తెలుస్తుంది. అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ తాను తడబడుతున్నట్టు కనిపిస్తే చెప్పమని తోటి న్యాయమూర్తి డేవిడ్ సౌటర్‌ను ముందే కోరారు. సౌటర్ 2009లో విరమించుకున్నారు. 2010 జనవరిలో కోర్టులో తన అసమ్మతి తీర్పు చదువుతుండగా స్టీవెన్స్ మాటలు తడబడ్డాయి. వెంటనే డాక్టరును కలిశారు, 90 ఏళ్ల వయసులో ఆ ఏడాదే పదవి వదిలారు. మీరు కూడా మీ పని తెలిసిన, మీకు అబద్ధం చెప్పని ఒక మనిషిని ఎంచుకోండి. "నా పనిలో తేడా కనిపించిన రోజు మొహమాటపడకుండా చెప్పు, నేను నొచ్చుకోను" అని నోరు తెరిచి అడగండి. డ్రైవింగ్, ఆపరేషన్లు, యంత్రాలు, అంటే ఇతరుల ప్రాణం మీ చేతిలో ఉండే పనులైతే ఇది తప్పనిసరి. అలాంటి మనిషి రిటైరైతే ఆ స్థానంలో ఇంకొకరిని అడిగి పెట్టుకోండి.

ఇంట్లో మాట్లాడండి

మీరు ఇంట్లో ఉండబోయే ప్రతి గంటా ఇంట్లో మరొకరికి కూడా సంబంధించిందే. రోజంతా ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండటం కొందరికి సంతోషం, కొందరికి ఊపిరాడని పని. మీ భార్య లేదా భర్త ఏం కోరుకుంటున్నారో మీకు తెలుసనుకోకండి, అడగండి. డబ్బు లెక్కల కాగితం కూడా వాళ్ల ముందు పరవండి.

నాకు బాగా పట్టింపున్న విషయం ఒకటుంది. ఇంటి పని చేసే మనిషికి విరమణ వయసు ఎవరూ పెట్టలేదు. ఒకరు ఉద్యోగం ఆపి విశ్రాంతి మొదలుపెట్టిన రోజున రెండో మనిషికి పని పెరగడం అన్యాయం. పని ఆపే రోజు నుంచి ఇంటి పనుల్లో ఏవి మీవో ముందే ఒప్పందం చేసుకోండి. ఎవరైనా చెబితే చేసే పనులు కాకుండా, మొత్తంగా మీ బాధ్యతగా తీసుకునే పనులై ఉండాలి.

పిల్లలు ఏమనుకుంటున్నారో వినండి, అయితే నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టకండి. మీరు పని ఆపగానే మనవల బాధ్యత మొత్తం మీ మీద పడుతుందని వాళ్లు మనసులో లెక్క వేసుకుని ఉండొచ్చు. వారానికి ఎన్ని రోజులు మీరు చూడగలరో ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ మనసు కష్టపడదు.

కొన్ని వారాలు బతికి చూడండి

మిగిలిన సెలవులన్నీ కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు ఒకేసారి తీసుకోండి. ఊళ్లు తిరగవద్దు. విహారయాత్ర బాగుంటే విహారయాత్ర బాగున్నట్టే, విరమణ జీవితం బాగుంటుందని అర్థం కాదు. ఇంట్లోనే ఉండండి. పని ఆపాక నెలకు ఎంత వస్తుందని లెక్క తేలిందో అంతతోనే ఆ నెల గడపండి.

మొదటి రెండు వారాలు చూసి ఏమీ తేల్చకండి. అలసట తీరుతూ ఉంటుంది కాబట్టి అన్నీ హాయిగానే ఉంటాయి. మూడో వారం నుంచి రోజూ రాత్రి రెండు మూడు వాక్యాలు రాయండి. ఏ గంట భారంగా గడిచింది? ఎవరితో మాట్లాడారు? దేని కోసం ఎదురుచూశారు? ఆఫీసు గుర్తొచ్చినప్పుడు ఏ మనిషి, ఏ పని గుర్తొచ్చింది? ఖాళీగా వదిలిన గడి గుర్తుందా, దాన్ని ఇప్పుడు నింపడానికి ప్రయత్నించండి. పొద్దు పోక ఫోను పట్టుకుని కూర్చున్న రోజులు ఎక్కువైతే, పూర్తిగా ఆపడానికి మీరింకా సిద్ధంగా లేరు. సెలవు అయిపోతోందంటే కడుపులో దిగులు మొదలైతే అది కూడా స్పష్టమైన జవాబే.

అంత సెలవు దొరకనివాళ్లు, సొంత దుకాణమో వర్క్‌షాపో ఉన్నవాళ్లు, వారంలో రెండు రోజులు పూర్తిగా ఇంకొకరికి అప్పగించి మూడు నెలలు చూడండి. మీరు లేకుండా పని నడుస్తుందో లేదో కూడా అందులోనే తెలిసిపోతుంది.

రోజు కూలీ మీద బతికేవాళ్లకు, పొదుపు లేనివాళ్లకు ఈ ట్రయల్ కుదరదని నాకు తెలుసు. ఆపే వీలు లేనప్పుడు పనిలోని బరువును తగ్గించుకోవాలి. అదే చోట కూర్చుని చేసే పని, లెక్క చూసే పని, కాపలా పని ఉందేమో అడగండి. ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్‌కు అర్హత వచ్చిన రోజే దరఖాస్తు పెట్టించండి. మీ చుట్టుపక్కల అలాంటివాళ్లుంటే ఆ కాగితాల పని మీరే దగ్గరుండి చేయించండి.

మధ్య దారిని అడిగి తీసుకోండి

జపాన్‌లో కోరుకున్న ఉద్యోగులకు 65 దాకా పని చూపించాలని చట్టం చెబుతుంది. 2021 నుంచి 70 దాకా అవకాశం ఇచ్చే ప్రయత్నం చేయాలని కూడా సంస్థలకు చెప్పింది. అక్కడ చాలామంది తక్కువ జీతంతో ఏడాది కాంట్రాక్టు మీద అదే సంస్థలో కొనసాగుతారు. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా అడిగితే తప్పులేదు. తేదీకి ఆరేడు నెలల ముందే, మీరు లేకపోతే ఏ పని ఆగుతుందో రాసి తీసుకెళ్లి అడగండి. వారానికి ఎన్ని రోజులు, ఏ పనులు, ఎంత డబ్బు, ఎప్పటిదాకా, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. "మన మనిషే కదా" అని నోటిమాటగా ఒప్పుకుంటే సగం జీతానికి పూర్తి పని చేయాల్సి వస్తుంది.

గంటలు తగ్గించుకునే ముందు ఒకటి తప్పక చూడండి. కొన్ని పెన్షన్లు చివరి నెలల జీతం మీద లెక్క కడతారు. అలాంటి చోట చివర్లో జీతం తగ్గించుకుంటే జీవితాంతం వచ్చే పెన్షన్ తగ్గుతుంది. అక్కడ ముందు పూర్తిగా రిటైరై, తర్వాత కాంట్రాక్టు మీద చేరడమే నయం.

తిరిగి వచ్చే దారి ఉంచుకోండి

ఏవి వెనక్కి తీసుకోలేనివో విడిగా రాసుకోండి. రాజీనామా, పెన్షన్ ఎంపిక పత్రంలో పెట్టిన టిక్కు, ఒకేసారి తీసుకున్న మొత్తం, అమ్మేసిన వ్యాపారం, ఇవి మళ్లీ రావు. వీటి మీద సంతకం అన్నిటికన్నా చివర పెట్టండి. ఎంపిక పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని లెక్కలు తెలిసినవాళ్లకు చూపించండి. విరమణ డబ్బు చేతికి వచ్చిన మొదటి ఆరు నెలలు ఎవరు ఎంత ఆశ చూపించినా కొత్త పెట్టుబడి పెట్టవద్దు, ఎవరికీ అప్పు ఇవ్వవద్దు. మోసగాళ్లకు ఆ తేదీ మీకన్నా బాగా గుర్తుంటుంది.

వృత్తి లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏదైనా ఉంటే ఆపిన తర్వాత కూడా రెండేళ్లు రెన్యూ చేస్తూ ఉండండి. పాత సహోద్యోగుల్లో కొందరితో మాటలు నడుస్తూ ఉండనివ్వండి. మళ్లీ పని కావాలనిపించినప్పుడు ముందుగా ఉపయోగపడేది ఆ ఫోన్ నంబర్లే.

అన్నీ అయ్యాక మీ నిర్ణయాన్ని ఒక పేజీలో రాయండి: ఏం ఎంచుకున్నారు, ఎందుకు, దేని వల్ల అది మారవచ్చు. ఒంట్లో బాగోలేకపోవడం, ఖర్చు అనుకున్నదానికన్నా పెరగడం, ఇంట్లో ఒకరిని చూసుకోవాల్సి రావడం లాంటివి. ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి పైన వేసి, ఆ రోజున ఇంట్లోవాళ్లతో కూర్చుని కొత్త బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఆ పేజీ మళ్లీ చదవండి. అప్పుడు మార్చాల్సింది ఉంటే మార్చండి.